మద్యానికొక న్యాయం, పొగాకుకొక న్యాయమా?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము చదివింది ఉర్దూలో, చదువు చెప్పేదీ ఉర్దూలోనే. కనుక మా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించవలసిందిగా కోరుతున్నాము.

మద్యం హరామ్ అని మన ఇళ్లలో పసిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. తాగుబోతుకు పిల్లనివ్వం, పక్కన కూర్చోనివ్వం. మరి బీడీ, సిగరెట్ మాటేమిటి? "అదేముంది, కాస్త కాలక్షేపం" అని ఊరుకుంటాం. ఈ రెండింటినీ ఇవాళ ఒకే త్రాసులో పెట్టి చూద్దాం.

తాగుడు చేసే కీడు వీధికెక్కుతుంది. కూలి డబ్బు దుకాణం పాలు, ఇల్లాలికి దెబ్బలు, పిల్లలకు పస్తులు, రోడ్డు మీద ప్రమాదాలు. పొగ అలా కాదు. అరవదు, కొట్టదు. ఇరవై ముప్పై ఏళ్లు నెమ్మదిగా ఊపిరితిత్తులనూ గుండెనూ తినేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో మద్యం వల్ల చనిపోయినవారు 26 లక్షలు. పొగాకు వల్ల ఏటా చనిపోయేవారు 70 లక్షలకు పైగానే. అందులో తాము ముట్టకుండా పక్కవారి పొగ పీల్చి పోయేవారే 10 లక్షలు దాటతారు. వాళ్లెవరో కాదు, మన ఆడవాళ్లు, పిల్లలూ.

ఇక చట్టాల సంగతి. మద్యనిషేధానికి ప్రయత్నించాలని రాజ్యాంగం 47వ అధికరణంలోనే రాశారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా ఆగింది, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో సడలించారు, దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి. అయినా 21 ఏళ్లు నిండనివారికి అమ్మరాదు, నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే బండి నడపరాదు అన్న నియమాలైనా ఉన్నాయి.

పొగాకుకు 1975 చట్టం సిగరెట్ పెట్టె మీద ఒక హెచ్చరిక వేయించింది. బీడీ కట్టకు అదీ లేదు. 2003 చట్టంతో గానీ బడికి 100 గజాల లోపల అమ్మరాదని, 18 ఏళ్ల లోపు వారికి ఇవ్వరాదని రాలేదు. పెట్టె మీద భయంకరమైన బొమ్మలు 2009లో వచ్చాయి. అయితే విడిగా ఒక్క సిగరెట్ కొనే కుర్రవాడికి ఆ బొమ్మ కనబడేదెలా?

చట్టం ఒక్కటే చాలదనడానికి చరిత్ర సాక్ష్యం ఉంది. అక్బర్ పాదుషా తన కొడుకు దానియాల్ తాగకుండా కాపలా పెట్టించాడు. నౌకర్లు తుపాకీ గొట్టంలో పోసి అందించారు. 1605లో ఆ తాగుడుకే దానియాల్ ప్రాణం పోయింది. జహంగీర్ గద్దెనెక్కగానే మద్యం తయారీని నిషేధించాడు. 1617లో పొగాకునూ వద్దన్నాడు. తాను మాత్రం తాగుతూనే ఉన్నానని తన ఆత్మకథలో తానే రాసుకున్నాడు. చెప్పేవాడే ఆచరించకపోతే ఫర్మానా ఏం చేస్తుంది?

పాదుషాలను అనడం సులభం. మా సంగతి చెప్పుకోవాలి కదా! కొన్నేళ్ల క్రితం మా విద్యార్థి ఒకడి తల్లి ఏడుస్తూ వచ్చింది. బీడీలు చుట్టి ఆమె దాచిన పుస్తకాల డబ్బు భర్త తాగేశాడు. మేము చాయ్ హోటల్ దగ్గర అతన్ని ఆపి గట్టిగా మందలించాము. అంతా విని అతనన్నాడు, "మాస్టర్ సాబ్, నా నిషా పొద్దుగాలకు దిగిపోతది. మీ చేతిలది ఎప్పుడు దిగుతది?" అప్పుడు చూసుకున్నాము, మా వేళ్ల మధ్య సిగరెట్ కాలుతూ ఉంది. ఆ సిగరెట్ తెచ్చిచ్చింది అతని కొడుకే, మేమే పంపాము. అతను చేసింది తప్పే. కానీ అతని ముందు నిలబడి మాట్లాడే అర్హత ఆ రోజు మాకు లేకపోయింది.

మానడానికి మాకు మూడు రంజాన్లు పట్టింది. సహరీ నుంచి ఇఫ్తార్ దాకా ఉండగలిగినవాళ్లం, ఖర్జూరం నోట్లో వేసుకోగానే అగ్గిపెట్టె ఎందుకు వెతుక్కుంటున్నామని ప్రతి సాయంత్రం మమ్మల్ని మేమే అడుక్కున్నాము.

మన నిజామాబాద్ వైపు బీడీ మీద బతికే చెల్లెళ్లు ఎందరో ఉన్నారు. పొగాకు దుమ్ము మధ్య కూర్చుని, దగ్గుతూ చుట్టిన బీడీతోనే వారి పొయ్యి వెలుగుతుంది. వారిని నిందించడం మన ఉద్దేశం కాదు. వారి కూతుళ్లకు చదువో, కుట్టుపనో, మరో దారి చూపకుండా "బీడీ మానండి" అనడం న్యాయమూ కాదు.

కనుక సంఘానికి మూడు మనవులు. మన వలీమాల్లో, మన సభల్లో సిగరెట్ వెలగకూడదు. పిల్లల చేత సిగరెట్, బీడీ తెప్పించకూడదు. తాగుడుకు బానిసైనవాణ్ణి వెలివేయకుండా చేయి పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇవి చేయడానికి ప్రభుత్వ ఉత్తర్వులు అక్కర్లేదు, మనం మనసు పెడితే చాలు.