మొదటి బోర్డు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరుని కదా, వంతెనల గురించి చెబుతాననుకుంటారు. ఒక చదరంగం ఆట గురించి చెబుతాను.

2024 సెప్టెంబరు 22. బుడాపెస్ట్‌లో చెస్ ఒలింపియాడ్, మహిళల విభాగం, చివరిదైన 11వ రౌండు. అప్పటికి మన జట్టు, కజకిస్థాన్ జట్టు చెరి 17 పాయింట్లతో సమానంగా ఉన్నాయి. ఆ రోజు మనకు ఎదురు అజర్‌బైజాన్. ఒక్కో పోటీలో జట్టుకు నలుగురు ఆడతారు. నాలుగు బోర్డుల లెక్క కలిపితే జట్టు ఫలితం తేలుతుంది. మొదటి బోర్డు మీద సాధారణంగా అవతలి జట్టులో గట్టి మనిషే ఉంటుంది. ఆ రోజు అక్కడ గునాయ్ మమ్మద్‌జాదా. ఇటు మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక.

ఆ టోర్నీ హారికకు అంతగా కలిసిరాలేదు. 8వ రౌండులో పోలెండ్ చేతిలో జట్టు ఓడిన రోజు ఆవిడ ఆట కూడా పోయింది. దివ్యా దేశ్‌ముఖ్, వంతికా అగర్వాల్ కింది బోర్డుల మీద గెలుపులు తెస్తున్నారు. అయినా చివరి రోజు మొదటి బోర్డు మీద హారికనే కూర్చోబెట్టారు. ఆవిడ గెలిచారు. దివ్య, వంతిక గెలిచారు, వైశాలి డ్రా చేశారు. 3.5–0.5. అటు కజకిస్థాన్ అమెరికాతో డ్రా చేసుకుంది. మన మహిళల జట్టుకు మొట్టమొదటి ఒలింపియాడ్ స్వర్ణం వచ్చింది. 2004లో పదమూడేళ్ల పిల్లగా ఒలింపియాడ్ ఆడటం మొదలుపెట్టిన హారిక, 2022లో మామల్లపురంలో నిండు గర్భంతో ఆడి కాంస్యం అందుకున్నారు. స్వర్ణానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఇది ఇక్కడెందుకంటే, మన కంచిలి చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్ల పదో తరగతిలో ఒక్క సబ్జెక్టు పోతే చాలు, ‘దీనికి చదువు అబ్బలేదు’ అనేస్తాం. పలాస వైపు జీడిపప్పు పనికైనా పంపుతాం, పెళ్లి సంబంధాలైనా చూస్తాం. ఒక్క ఆట పోయిందని బోర్డు ముందు నుంచి లేపేస్తాం.

మన సంఘం నిధిలోంచి ముందుగా ఈ పిల్లల సప్లిమెంటరీ ఫీజుకి, సాయంత్రం పాఠాలకి డబ్బు తీయమని అడుగుతున్నాను. మొదటి చందా నాది. టీచర్లూ, మీరు ఆ పిల్లల ఇళ్లకు ఒక్కసారి వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడండి. మీ మాట వింటారు. మేమంతా విన్నాం కదా.

సెలవు.