సాంబ మసూరిలో ఏం మార్చారు?

(రైతు సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున టీ దగ్గర ఒక పెద్దాయన నన్ను పట్టుకున్నారు. "మాస్టారూ, సాంబ మసూరిని కూడా బీటీ చేసేశారంట గదా, ఇక మన ఇత్తనం మనకుండదంట గదా?" అని అడిగారు. పక్కనున్న కుర్రాడు ఊరుకోలేదు. "కాదు బాబాయ్, ఎకరానికి యాభై బస్తాలు పండుద్దంట, నేను ఫోన్లో చూశా" అన్నాడు. ఇద్దరూ మాట్లాడింది ఒకే వార్త గురించి. ఒకరికి భయం, ఇంకొకరికి ఆశ. అసలు ఆ వరిలో ఏం చేశారో మాత్రం ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను, మూడెకరాల బీపీటీ కూడా చేశాను. కాబట్టి నాకిచ్చిన ఈ కాస్త సమయంలో అది చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందు వార్త. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీలో రెండు కొత్త వరి రకాలను ప్రకటించారు. జన్యు సవరణ, అంటే జీనోమ్ ఎడిటింగ్ పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి వరి రకాలివి. ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, దానికే కమల అని పేరు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ తయారుచేసింది. రెండోది పూసా డీఎస్టీ రైస్ 1, ఢిల్లీలోని పూసా సంస్థది. పేర్లు ఏవైనా తల్లులు రెండూ మన ఇంటివే. కమలకు తల్లి బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, మన సాంబ మసూరి. రెండోదానికి తల్లి మార్టేరులో పుట్టిన ఎంటీయూ 1010, మన కాటన్‌దొర సన్నాలు. అందుకే ఇది ఢిల్లీ వార్త అని వదిలేయడానికి లేదు.

ఇక ఏం చేశారో చూద్దాం.

వరి మొక్కలో ప్రతి కణంలోనూ దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ రాసి ఉన్న పెద్ద దస్తరం ఒకటి ఉంటుంది. సుమారు 40 కోట్ల అక్షరాలు, 12 సంపుటాలు. వాడే అక్షరాలు నాలుగే, వాటినే తిప్పి తిప్పి రాసింది ప్రకృతి. ఎన్ని పిలకలు వేయాలి, ఎప్పుడు ఈనాలి, గింజ సన్నమా లావా, అన్నీ అందులోనే ఉంటాయి. ఒక్కో పనికి సంబంధించిన ఉత్తర్వును జన్యువు అంటాం.

మన అడంగల్ గుర్తు తెచ్చుకోండి. ఊళ్ళో వేల ఎకరాలున్నా సర్వే నంబరు చెబితే సర్వేయరు నేరుగా ఆ చెక్క దగ్గరికే వస్తాడు. ఈ కొత్త పరికరం చేసే పనీ అదే. దాని పేరు క్రిస్పర్. అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి చీటీ, దాని మీద 20 అక్షరాల సర్వే నంబరు రాసి ఉంటుంది. రెండోది కత్తెర, దాన్ని క్యాస్9 అంటారు. చీటీ పట్టుకుని కత్తెర ఆ 40 కోట్ల అక్షరాల్లో వెతుక్కుంటూ పోతుంది. నంబరు ఎక్కడ కలిస్తే అక్కడ కత్తిరిస్తుంది. తెగిన చోటును కణం తనంతట తానే అతికించుకుంటుంది. ఆ హడావుడిలో ఒకటో రెండో అక్షరాలు పోతాయి, లేదా అదనంగా చేరతాయి. తహసీల్దారు ఉత్తర్వులో అక్షరం పోతే ఆ ఉత్తర్వు చెల్లదు గదా, అలాగే ఆ జన్యువు పనిచేయడం మానేస్తుంది.

ఈ కత్తెరను మనిషి కనిపెట్టలేదు. బాక్టీరియాలకు కూడా వైరస్ జబ్బులు వస్తాయి. ఒకసారి వచ్చిన వైరస్ ముక్కను అవి తమ దస్తరంలో దాచుకుంటాయి, పోలీస్ స్టేషన్లో పాత దొంగల ఫోటోలు ఉంచుకున్నట్టు. మళ్ళీ అదే వైరస్ వస్తే గుర్తుపట్టి కత్తిరించేస్తాయి. ఈ ఏర్పాటును మనకు కావలసిన చోట కత్తిరించే పరికరంగా మార్చవచ్చని ఎమ్మాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు 2012లో చూపించారు. 2020లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది.

మరి సాంబ మసూరిలో ఏ సర్వే నంబరు మీద కత్తెర పెట్టారు? వెన్ను ఇంకా దుబ్బు లోపల అంకురంగా ఉన్నప్పుడే ఎన్ని గింజలు పట్టాలనేది నిర్ణయమవుతుంది. దాన్ని నడిపే హార్మోన్ పేరు సైటోకైనిన్. అది ఎక్కువుంటే వెన్నులో ఎక్కువ కొమ్మలు, ఎక్కువ గింజలు. ఆ హార్మోన్‌ను ఎప్పటికప్పుడు విరగ్గొట్టే ఎంజైమ్ కూడా మొక్కలోనే ఉంది. కాలువకు గండి పడితే చివరి భూములకు నీళ్ళు అందవు, ఈ ఎంజైమ్ అలాంటి గండి. దాన్ని తయారుచేయించే జన్యువును జపాన్ శాస్త్రవేత్తలు 2005లో గుర్తించారు. అప్పటికే గింజలు ఎక్కువ పట్టే ఒక వరి రకంలో ఈ జన్యువు సహజంగానే మందకొడిగా ఉందని చూశారు. కమలలో చేసింది ఆ గండి పూడ్చడమే. రెండో రకంలో వేరే జన్యువును ఆపారు. దానివల్ల ఆకుల మీది సన్నటి రంధ్రాలు మరింత ముడుచుకుని నీరు తక్కువ పోతుంది, బెట్టనూ చౌడునూ కొంత తట్టుకుంటుంది.

పెద్దాయన ప్రశ్నకు ఇక్కడ జవాబు చెప్పవచ్చు. బీటీ పత్తిలో నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును తెచ్చి మొక్కలో పెట్టారు. ఇక్కడ బయటి జన్యువు మిగలదు. కత్తెరను మొక్కలోకి పంపడానికి మొదట బయటి జన్యువు పెట్టే మాట నిజమే. కానీ తర్వాతి తరం మొక్కల్లో కత్తెర రాని వాటిని, కోత మాత్రం వచ్చిన వాటిని ఏరుకుంటారు. కాబట్టి ఇది బీటీ కాదు. అంతమాత్రాన అడగాల్సింది ఏమీ లేదని కూడా కాదు.

సర్వే నంబరు పోలికనే ఇంకొంచెం సాగదీస్తాను. పక్క ఊళ్ళో కూడా అదే నంబరు ఉండొచ్చు. సర్వేయరు పొరపాటున అక్కడ గొలుసు లాగితే? క్రిస్పర్‌తోనూ ఆ ప్రమాదముంది. 20 అక్షరాలూ దాదాపు కలిసే ఇంకోచోట కూడా కత్తెర పడొచ్చు. అందుకే మొత్తం దస్తరం చదివి సరిచూడాలి. ఇప్పుడది సాధ్యమే. చూశారా, ఆ నివేదిక ఎక్కడుంది అని అడగడం మన హక్కు. 2022 మార్చిలో కేంద్ర పర్యావరణ శాఖ ఇలాంటి పంటలను జన్యుమార్పిడి పంటల కఠినమైన అనుమతి నిబంధనల నుంచి మినహాయించింది. మినహాయింపు సబబేనని వాదించే శాస్త్రవేత్తలున్నారు. నా మటుకు నాకు, పరీక్ష తగ్గించినప్పుడు కాగితాలు మరింత బహిరంగంగా పెట్టాలనిపిస్తుంది.

ఇక కుర్రాడి యాభై బస్తాలు. ప్రభుత్వం చెప్పిన లెక్కే తీసుకుందాం. కమల సగటు దిగుబడి హెక్టారుకు 5.37 టన్నులు, సాంబ మసూరిది 4.5 టన్నులు, అంటే 19 శాతం ఎక్కువ. దీన్ని మన భాషలోకి మార్చండి. ఎకరానికి, 75 కిలోల బస్తాల్లో, కమల 29, సాంబ మసూరి 24. (సభలో నవ్వులు.) మీరెందుకు నవ్వారో నాకు తెలుసు. కాలువ కింద బీపీటీలో 24 వస్తే ఈ ఏడాది దెబ్బతిన్నామంటాం మనం. అది దేశంలో పలుచోట్ల జరిగిన ప్రయోగాల సగటు. మంచి నేల, చెడ్డ నేల అన్నీ కలిసి ఉంటాయి. 30 పండే మన చేలో 36 వస్తాయా, 31 వస్తాయా అన్నది ఆ లెక్కలో లేదు. వెన్నుకు గింజలు పెరిగితే సరిపోదు, అవి పాలు పోసుకుని నిండాలి, లేకపోతే తాలు పెరుగుతుంది. పైగా ప్రకటించిన దిగుబడులకూ ప్రయోగ నివేదికల్లోని అంకెలకూ పొంతన లేదని 2025 అక్టోబరులో జీఎం పంటలను వ్యతిరేకించే సంఘాలు ఆరోపించాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి దాన్ని తోసిపుచ్చింది. ఎవరి మాట నిజమో తేలాలంటే కేంద్రం వారీగా, ఏడాది వారీగా అంకెలు తెలుగులో మన ముందుకు రావాలి.

నన్ను అడిగితే దిగుబడి కంటే ఇరవై రోజులు ముందు కోతకు రావడం పెద్ద సంగతి. బీపీటీ 145, 150 రోజులు తీసుకుంటుంది. కాలువ నీళ్ళు ఆలస్యమైతే కోత డిసెంబరులో పడుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, ఆనాటి కుప్పలూ ఓదెలూ మీరు మరిచిపోయి ఉండరు. ఇరవై రోజులు కలిసొస్తే ఒకటి రెండు తడుల నీళ్ళు మిగులుతాయి, మినుము అదునులో పడుతుంది. కానీ నవంబరు తుపానుకు దొరికిపోతామా అన్నది కూడా చూసుకోవాలి. ఇది ఏ ప్రయోగశాలా చెప్పలేదు, మన కాలువ తేదీలను బట్టి మనమే వేసుకోవాల్సిన లెక్క.

ఇంకొకటి. ఒక జన్యువును ఆపితే దానితో ముడిపడిన గుణాలే మారతాయి. మిగతా మంచీ చెడూ తల్లివే. సాంబ మసూరికి ఎండాకు తెగులు పడదు. ఆ తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి 2008లో ఇచ్చాయి, అదీ మామూలు సంకరంతోనే, అడవి వరి నుంచి వచ్చిన జన్యువుతో సహా. మనలో ఎంతమందికి ఆ విత్తనం దొరికింది? చేతులెత్తండి. ముగ్గురు. పదిహేనేళ్ళు దాటిన ఆవిష్కరణ ఇంతవరకు మన ఊరి దుకాణానికే సరిగ్గా రాలేదు.

బీటీ పత్తి మాట తెచ్చారు కాబట్టి ఒక సంగతి చెప్పి ముందుకు పోతాను. 2002లో అది వచ్చినప్పుడు 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఇచ్చేవారు. అది మామూలు పత్తి విత్తనం, చేను చుట్టూ వేయాలి. మా బావమరిది దాన్ని గట్టు మీద పారేశాడు. "పురుగు తినే పత్తి ఎవడేస్తాడు బావా?" అన్నాడు. నేనూ నవ్వాను, జీవశాస్త్రం చెప్పేవాణ్ణి అయ్యుండి. దాని వెనక కిటుకు ఇది. బీటీ విషాన్ని తట్టుకున్న పురుగు వేలల్లో ఒకటి బతుకుతుంది. మామూలు పత్తిలో పెరిగిన పురుగులు పక్కనే ఉంటే అది వాటితో జతకడుతుంది, దాని పిల్లలకు ఆ తట్టుకునే శక్తి నిలవదు. మామూలు పత్తి లేకపోతే బతికినవి బతికినవాటితోనే కలుస్తాయి. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి తరం బీటీకి లొంగడం మానేసింది, తర్వాత రెండో తరానికీ అంతే. మందుల ఖర్చు మళ్ళీ ఎంతకు చేరిందో మీకు తెలుసు. ఆ చిన్న ప్యాకెట్ ఎందుకో దుకాణంలో అమ్మినవాడు చెప్పలేదు, ప్యాకెట్ మీద అచ్చు మనం చదవలేదు.

అదే బీటీ పత్తిలో ఇంకో అనుభవమూ ఉంది. ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటి ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్ళింది. ఆ పోరుతో ధర 750కి దిగింది.

కమల విషయంలో విత్తనం ప్రభుత్వ సంస్థది. మన పేటెంటు చట్టం 3(జె) సెక్షను ప్రకారం విత్తనానికి పేటెంటు ఇవ్వరు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షను ప్రకారం విత్తనం దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, తోటి రైతుకు ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు, బ్రాండు పేరు పెట్టి మాత్రం అమ్మకూడదు. కాబట్టి బాబాయ్, ఇత్తనం మనదే. అయితే కత్తెర మీద పేటెంట్లు అమెరికా, యూరప్ సంస్థల చేతుల్లో ఉన్నాయి. ఆ కత్తెరను వాడుకున్నందుకు ఎవరితో ఏ షరతులు కుదుర్చుకున్నారు, ఆ ఖర్చు రేపు విత్తనం ధరలోకి వస్తుందా, ప్రైవేటు కంపెనీకి లైసెన్సు ఇస్తే ఈ 39వ సెక్షను హక్కు ప్యాకెట్ మీద అచ్చవుతుందా? ఈ మూడూ మన సంఘం వినతిపత్రంలో ఉండాలని నా ప్రతిపాదన. అదే సెక్షనులో, నమోదైన రకం చెప్పినంత పండకపోతే నష్టపరిహారం అడిగే హక్కు కూడా ఉంది. దానికి బిల్లు, ఖాళీ సంచి దాచాలి.

విత్తనం మన మండలానికి వచ్చిన రోజున చేను మొత్తం వేయొద్దు, అసలు వేయకుండా ఉండొద్దు. పది సెంట్లు కమల, పక్కనే అదే నాటు రోజున, అదే ఎరువుతో పది సెంట్లు బీపీటీ వేయండి. మధ్యలో గట్టు ఉంచండి. ఈనిక తేదీ రాయండి. కోతకు ముందు రెండింటిలోనూ గట్టు పక్కవి కాకుండా లోపలి నుంచి పదేసి వెన్నులు కోసి, గింజలూ తాలూ విడివిడిగా లెక్కపెట్టండి. మీ ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే ఆ పని వాళ్ళకివ్వండి, మనకంటే ఓపిగ్గా చేస్తారు. ఆ కాగితాలు సంఘం ఆఫీసులో ఇస్తే ఊరి వారీగా పట్టిక నేను వేస్తాను.

ఇప్పుడు మీరు అడగండి.