చదువుకు దారి: ఆడపిల్లలకు ఉమ్మడి సైకిళ్ళు

(మనుబోలులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లల ఉన్నత విద్య గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఉన్నత విద్య అనగానే మనం సీట్లు, ఫీజులు, స్కాలర్‌షిప్పులు, హాస్టళ్ళ గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ అవసరమే. నేను మాత్రం ఇంటి గడప నుంచి బస్సు ఎక్కే చోటు దాకా ఉన్న దారి గురించి మాట్లాడదలచుకున్నాను. ఆ దారి దాటడానికి మనమే నడుపుకునే ఉమ్మడి సైకిళ్ళు ఎలా పనికొస్తాయో మీ ముందు పెడతాను.

మన మనుబోలునే తీసుకోండి. పక్కనే జాతీయ రహదారి ఉంది. రైల్వే స్టేషను ఉంది. నెల్లూరు వైపు వెళితే కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. అది 2008లో ఏర్పడింది. ఇంకా ముందుకు వెళితే నెల్లూరులో దొడ్ల కౌసల్యమ్మ ప్రభుత్వ మహిళా కళాశాల. ఇటు వెళితే గూడూరు. పైగా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు. పటం మీద చూస్తే మన పిల్లల చదువుకు ఏ అడ్డూ లేనట్టే కనిపిస్తుంది.

కానీ ఉచిత బస్సు రోడ్డు మీదే మొదలవుతుంది. ఆ రోడ్డు దాకా ఎవరు తీసుకెళ్తారు? లోపలి ఊళ్ళ నుంచి సెంటరుకు రావాలంటే షేర్ ఆటో నిండేదాకా కూర్చోవాలి. బస్సుకు ఇవ్వక్కర్లేని డబ్బులు ఆటోకు రానూపోనూ ఇవ్వాలి. లేదా నాన్నో అన్నో బండి మీద దించాలి. వాళ్ళకు పొలం పని పడిన రోజు పిల్లకు క్లాసు పోతుంది. సాయంత్రం ప్రాక్టికల్స్ ఆలస్యమైతే ఇంట్లో రభస. నాలుగు నెలలు ఇలా జరిగాక ఇంటి పెద్దలు, “ప్రైవేటుగా కట్టి పరీక్షలు రాయవే, రోజూ ఎక్కడ తిరుగుతావు” అంటారు. ఆ తర్వాత వచ్చేది పెళ్ళి సంబంధమే. మనం దీన్ని చదువు మానేయడం అని రాసుకుంటాం. పిల్ల మానేయలేదు, దారి లేక ఆగిపోయింది.

దారి భయం చదువును ఎంత దెబ్బ తీస్తుందో ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద గిరిజా బోర్కర్ చేసిన పరిశోధన చూపించింది. ప్రయాణంలో వేధింపులు తక్కువగా ఉంటాయనుకున్న దారి కోసం అమ్మాయిలు తమ మార్కులకు వచ్చే మంచి కాలేజీని వదులుకుని తక్కువ స్థాయి కాలేజీలో చేరుతున్నారు. అబ్బాయిలకు ఆ లెక్క అంతగా వేసుకోవలసిన అవసరం లేదు. మహానగరంలోనే ఇలా ఉంటే మన పల్లె మాట చెప్పనక్కర్లేదు. దేశమంతటా సంచరించే స్వేచ్ఛ పౌరులందరికీ ఉందని రాజ్యాంగంలోని 19వ అధికరణం చెబుతోంది. మన పిల్లలకు ఆ స్వేచ్ఛ ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోతున్నది.

సైకిలు ఈ పరిస్థితిని మార్చగలదా అని మీరు అడగవచ్చు. మార్చిన ఊళ్ళున్నాయి. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1991లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ చదువుతోపాటు సైకిలు నేర్పడాన్ని కూడా ఆ ఉద్యమంలో భాగం చేశారు. కూలి పనివాళ్ళు, క్వారీల్లో రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు, నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేల సంఖ్యలో సైకిలెక్కారు. లేడీస్ సైకిళ్ళు దొరక్క మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. ముందు కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు వాటినే ఇష్టపడ్డారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1992లో, మన జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అక్కడ అక్షరం సైకిలెక్కింది, ఇక్కడ అక్షరం సారా దుకాణం మూయించింది. రెండు పనులూ చేసింది పల్లె ఆడవాళ్ళే.

బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి బాలికలకు సైకిలు కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ ఆ పథకాన్ని పరిశీలించి, హైస్కూలులో చేరే బాలికల సంఖ్య 32 శాతం పెరిగిందని తేల్చారు. బడి 3 కిలోమీటర్లకు మించి ఉన్న ఊళ్ళలోనే ఎక్కువ మేలు జరిగింది. మన రాష్ట్రంలోనూ 2017లో ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ళిచ్చారు. బడి దాకా బాగానే ఉంది. డిగ్రీకి, పీజీకి వెళ్ళే పిల్ల సంగతి ఎవరూ ఆలోచించలేదు.

అయితే ఒక్కో పిల్లకూ ఒక్కో సైకిలు ఇస్తే సరిపోదా? ఇక్కడే మనం ఇంటి లోపలికి తొంగి చూడాలి. ఇంటికొచ్చిన సైకిలు ఇంటి ఆస్తి అవుతుంది. ఇంటి ఆస్తి అయ్యాక అది ముందు అన్నకు, తర్వాత నాన్నకు, మిగిలితే పిల్లకు. పాల క్యాను మోయడానికి, మోటారు వేసి రావడానికి అది వెళ్ళిపోతుంది. స్కూటీ కొన్నా ఇదే కథ, పెట్రోలు ఖర్చు అదనం. ఉమ్మడి సైకిలు ఏ ఒక్క ఇంటిదీ కాదు కాబట్టి ఏ అన్నా దాన్ని పట్టుకుపోలేడు. దాని మీద అధికారం పిల్లల సంఘానిది. నా దృష్టిలో ఉమ్మడి సైకిలుకున్న అసలు విలువ ఇదే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కొందరు యువకులు తెల్లరంగు వేసిన సైకిళ్ళను తాళం లేకుండా వీధిలో పెట్టి, ఎవరైనా వాడుకోవచ్చన్నారు. పోలీసులు వాటిని పట్టుకుపోయారు. 1996లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం విద్యార్థులకు కార్డులిచ్చి, ఎవరు ఏ సైకిలు తీసుకున్నారో తెలిసే ఏర్పాటు చేసింది. 2017లో మైసూరులో ‘ట్రిన్ ట్రిన్’ పేరుతో ఇలాంటి ఏర్పాటే మొదలైంది. మన ఊళ్ళలో గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చే షాపులు మీకందరికీ గుర్తుండే ఉంటాయి. షాపతను నోటు పుస్తకంలో పేరూ టైమూ రాసుకునేవాడు. పోర్ట్స్‌మత్ కార్డు చేసిన పని మన నోటు పుస్తకం ఏనాడో చేసింది. కాకపోతే ఆ పుస్తకంలో ఆడపిల్ల పేరు ఎప్పుడో తప్ప కనిపించేది కాదు.

నగరాల్లో ఇప్పుడు సైకిలు తాళం సెల్‌ఫోనుతో తెరుచుకుంటుంది. ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తేవద్దని నా మనవి. మంచి ఫోను ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలుసు. పిల్ల కదలిక మళ్ళీ ఆ చేతి కిందికే వెళుతుంది. మనకు తాళంచెవీ, నోటు పుస్తకమూ చాలు.

మరి మనం ఏం చేయాలి? ముందు ఒకటి రెండు ఊళ్ళు ఎంచుకుందాం. కాలేజీకి వెళ్ళే పిల్లలెందరు, ఏ టైముకు వెళ్ళి ఏ టైముకు వస్తారు, ఇప్పటికే ఆగిపోయినవాళ్ళెవరు అని వాళ్ళతోనే కూర్చుని లెక్క రాద్దాం. సైకిళ్ళకు పంచాయతీని, విశ్వవిద్యాలయాన్ని, దాతలను అడుగుదాం. ఊళ్ళో ఒక స్టాండు, సెంటరులో బస్సు ఎక్కే చోట తాళం వేసే షెడ్డు ఉండాలి. మరమ్మతులకు మెకానిక్కు నెలకింతని మాట్లాడుకోవాలి. పిల్లలు నెలనెలా వేసుకునే చందాతో, డ్వాక్రా సంఘాల సాయంతో అది నడవాలి. బెల్లూ బ్రేకులూ లైటూ లేని సైకిలు స్టాండు దాటకూడదు. జాతీయ రహదారి మీద లారీల మధ్య ఎవరూ తొక్కకూడదు. సైకిలు ఊరి రోడ్డుకే, ఆపైన బస్సు. ఊరి రోడ్డుకు వీధి దీపాలు కావాలని గ్రామసభలో పట్టుబట్టాలి.

మరో మాట గట్టిగా చెప్పాలి. స్టాండు ఊళ్ళో పెద్దింటి అరుగు ముందు పెట్టకూడదు. అలా పెడితే దళితవాడ పిల్ల, యానాది కాలనీ పిల్ల అక్కడికి వెళ్ళి తాళంచెవి అడగడానికే జంకుతుంది. ఉమ్మడి స్థలంలో, వాళ్ళకు దగ్గరగా పెట్టాలి. తాళంచెవి ఉంచుకునే బాధ్యత వాళ్ళకూ వంతులవారీగా రావాలి. ఉమ్మడి అని పేరు పెట్టి కొందరికే అందితే అది హక్కు కాదు, దయ.

“ఆడపిల్లలు సైకిళ్ళేసుకుని తిరగడమేమిటి” అనే మాట తప్పకుండా వస్తుంది. ఒక్క పిల్ల వెళితే ఆ మాట ఆమెను ఇంట్లో కూర్చోబెడుతుంది. పదిమంది కలిసి వెళితే నాలుగు రోజుల్లో ఆ మాటే అలిసిపోతుంది. అందుకే మొదటి నెల మనమూ వాళ్ళతో పాటు సైకిలెక్కాలి. రానివాళ్ళు నేర్చుకోవాలి. యాభై ఏళ్ళవాళ్ళకు కూడా మినహాయింపు లేదు!

ఏ ఊరితో మొదలుపెడదామో, ఎవరు ఏ పని తీసుకుంటారో ఇప్పుడే చర్చిద్దాం. పిల్లల పేర్లు రాయడానికి నోటు పుస్తకం నా దగ్గర ఉంది.