చిన్న కళాశాల, మట్టి బాట, నలభై మంది ఒలింపియన్లు
(పాఠశాల ప్లాటినం జూబిలీ క్రీడోత్సవాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒడియా గడ్డ మీద తెలుగు అక్షరాన్ని డెబ్బై ఐదేళ్ళపాటు ఆరకుండా కాపాడిన సంస్థ ఇది. వ్యవస్థాపకులను గూర్చి, తొలి ప్రధానోపాధ్యాయులను గూర్చి నాకంటె బాగా తెలిసినవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. ఆ పని వారిది. నన్ను క్రీడలను గూర్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. నా ఉద్యోగ జీవితమంతా ఒక చిన్న కళాశాలలో వ్యాయామ విద్యా బోధకుడిగా గడిచింది. కనుక అదే వృత్తిలో ఉండి, అటువంటి చిన్న కళాశాలలోనే నలభై ఏళ్ళకు పైగా నిలిచిపోయిన ఒక గురువును మీకు పరిచయం చేయదలచుకున్నాను. ఆయన మనవాడు కాడు, మన దేశంవాడూ కాడు. అయినా ఆయన పడిన పాట్లు వింటే మన ఊళ్ళలోని డ్రిల్లు మాస్టర్లు ఎందరో మీకు గుర్తుకు రాక మానరు.

ఆయన పేరు ఎడ్వర్డ్ టెంపుల్. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, హారిస్‌బర్గ్ పట్టణంలో 1927 సెప్టెంబరులో జన్మించారు. పరుగు పందాలలో రాణించి, టెనెసీ రాష్ట్ర రాజధాని నాష్‌విల్‌లోని ఒక కళాశాలలో చేరారు. అది 1912లో నల్లజాతివారి కోసం స్థాపించిన ప్రభుత్వ విద్యాసంస్థ. ఆ రోజులలో దక్షిణాది రాష్ట్రాలలో తెల్లవారి కళాశాలలు వేరు, నల్లవారి కళాశాలలు వేరు. నిధులలో ఉన్న వ్యత్యాసం సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ సంస్థకు టెనెసీ స్టేట్ యూనివర్సిటీ అన్న పేరు 1968లో వచ్చింది. టెంపుల్ గారు 1950 ప్రాంతంలో అక్కడే పై చదువు చదువుతూ బాలికల పరుగు జట్టును చూసుకోవడానికి ఒప్పుకున్నారు. నెలకు నూట యాభై డాలర్లు. ఆ డబ్బుకు జట్టుతోపాటు కళాశాల ఆవరణలోని తపాలా కార్యాలయాన్ని కూడా ఆయనే నడపాలి! తరువాతి కాలంలో సమాజశాస్త్రం పాఠాలు చెప్పారు. ఒకే మనిషి చేత మూడు పనులు చేయించుకునే పద్ధతి మనకు మాత్రమే ప్రత్యేకమని అనుకునేవారికి ఈ సంగతి కొంత ఊరట.

అక్కడి మైదానాన్ని గూర్చి చెప్పాలి. ఒలింపిక్ విజేతలు తయారైన చోటు అంటే మన కళ్ళ ముందు ఎర్రని రబ్బరు బాట, గ్యాలరీలు, విద్యుద్దీపాలు మెదులుతాయి. అక్కడ ఉన్నది పూర్తి వలయం కూడా కాని మట్టి బాట. ఆటల కోసం ఇచ్చే ప్రత్యేక విద్యార్థి వేతనాలు ఆ బాలికలకు ఉండేవి కావు. రోజుకు రెండు గంటలు కళాశాలలోనే ఏదో ఒక పని చేసి, ఆ కూలితో చదువు ఖర్చు వెళ్ళదీసుకునేవారు. పోటీలకు వెళ్ళాలంటే బస్సులు, రైళ్ళు లేవు. కార్లలో కిక్కిరిసి కూర్చుని వందల మైళ్ళు ప్రయాణం చేసేవారు. దారిలో హోటళ్ళు నల్లవారికి అన్నం పెట్టవు, పెట్రోలు బంకులు మరుగుదొడ్డి తాళం ఇవ్వవు. అందుచేత భోజనం మూటలు ఇంటి నుంచే కట్టుకుని, రోడ్డు పక్క కారు ఆపుకుని తినేవారు. టెంపుల్ గారి సతీమణి చార్లీ బీ టెంపుల్ ఈ జట్టుకు తల్లి వంటిది. జీతం లేకుండా, పదవి లేకుండా ఆమె చేసిన చాకిరీని లెక్క కట్టినవారు లేరు.

ఈ జట్టుకు టైగర్‌బెల్స్ అని పేరు. టెంపుల్ గారి క్రమశిక్షణ చాలా కఠినం. వేసవిలో ఉన్నత పాఠశాల బాలికలను పిలిపించి శిబిరం నడిపేవారు. తెల్లవారుజామునే మొదలుపెట్టి రోజుకు మూడు దఫాలు పరుగు. అభ్యాసానికి ఎన్ని నిమిషాలు ఆలస్యమైతే అన్ని చుట్లు అదనంగా పరుగెత్తాలి. ఒకసారి ఒక అమ్మాయి నిద్ర లేవక అరగంట ఆలస్యంగా వస్తే ముప్పై చుట్లు తిరగవలసి వచ్చిందనీ, మరునాడు ఆమె అరగంట ముందుగానే వచ్చి కూర్చున్నదనీ చెబుతారు. ఆ అమ్మాయి పేరు విల్మా రుడాల్ఫ్.

ఈ పేరు మీలో చాలామంది విన్నదే. మన పాఠ్యపుస్తకాలలో, వ్యక్తిత్వ వికాస గ్రంథాలలో ఆమె కథ తరచు కనిపిస్తుంది. కాని ఆ కథనాలలో గురువు ఒక వాక్యంలో వచ్చి మాయమవుతాడు. ఆమె 1940లో ఇరవై ఇద్దరు సంతానం ఉన్న ఇంట ఇరవయ్యవ బిడ్డగా పుట్టింది. చిన్నతనంలో పోలియో సోకి ఎడమ కాలు చచ్చుబడింది. తల్లి ఆమెను బస్సులో సుమారు యాభై మైళ్ళ దూరంలోని నాష్‌విల్ ఆసుపత్రికి ప్రతి వారం తీసుకువెళ్ళేది. అక్కడ నేర్చుకున్న పద్ధతిలో ఇంటిల్లిపాదీ వంతులవారీగా ఆ కాలు మర్దించేవారు. పన్నెండేళ్ళ ప్రాయానికి ఇనుప పట్టీలు వదిలి నడిచింది. తరువాత బాస్కెట్‌బాల్ ఆడుతుంటే, ఆ ఆటకు రెఫరీగా వచ్చిన టెంపుల్ గారి కంట పడింది. రెఫరీ పని కూడా ఆయన చేసేవారన్నమాట! జీతం చాలక చేశారో, పిల్లలను వెదకడానికి చేశారో. రెండూ నిజమై ఉండవచ్చు.

ఇక్కడ కొందరు దాటవేసే ఒక సంగతి ఉన్నది. ఉన్నత పాఠశాల చివరి సంవత్సరంలో, 1958లో, విల్మా ఒక ఆడపిల్లకు తల్లి అయింది. తల్లులైనవారిని జట్టులో తీసుకోరాదన్నది టెంపుల్ గారి నియమం. ఆ నియమాన్ని ఆమె విషయంలో ఆయన పక్కన పెట్టారు. కుటుంబం వారు బిడ్డ పోషణ చూసుకున్నారు, ఆమె కళాశాలకు వెళ్ళింది. నిమిషానికొక చుట్టు చొప్పున శిక్ష వేసే మనిషి ఆ ఒక్క చోట సడలించి ఉండకపోతే రోము నగరంలో జరిగినది జరిగేది కాదు. ఈ విషయం తల్లిదండ్రులున్న సభలో చెప్పవచ్చునా అని కొంత ఆలోచించాను, చెప్పడమే మంచిదనిపించింది.

1960 రోము ఒలింపిక్స్‌లో అమెరికా మహిళా జట్టుకు టెంపుల్ గారే శిక్షకుడు. అప్పటికి ఆయనకు ముప్పైమూడేళ్ళు నిండలేదు. విల్మా 100 మీటర్లు, 200 మీటర్లు గెలిచింది. అయితే నా దృష్టిలో ఆ క్రీడలలో టెంపుల్ గారి పనితనం పూర్తిగా కనిపించినది 4×100 మీటర్ల రిలేలో. మార్తా హడ్సన్, లూసిండా విలియమ్స్, బార్బరా జోన్స్, విల్మా రుడాల్ఫ్: నలుగురూ ఒకే కళాశాల పిల్లలు, ఒకే మట్టి బాట మీద కలిసి పరుగెత్తినవారు. సెమీఫైనల్‌లో 44.4 సెకండ్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పారు.

రిలే పరుగు చూడడానికి సులువు. నలుగురు వేగం కలవారుంటే చాలుననిపిస్తుంది. అసలు పని అంతా కర్ర చేతులు మారే చోట ఉన్నది. ఆ రోజులలో కర్ర అందించవలసిన పరిధి ఇరవై మీటర్లు; 2018 నుండి ముప్పై మీటర్లుగా అమలులో ఉన్నది. అందుకునే పిల్ల వెనుకకు చూడకుండా పరుగు మొదలుపెట్టాలి. తన వెనుక వచ్చే పిల్ల ఎంత వేగంతో వస్తున్నదో, అలసటలో చివరి పది గజాలు ఎంత మందగిస్తుందో ముందే తెలిసి ఉండాలి. క్షణం ముందు కదిలితే కర్ర అందదు. క్షణం ఆలస్యమైతే ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకుంటారు. దేశం నలుమూలల నుండి ఏరి తెచ్చిన నలుగురు ఉత్తమ క్రీడాకారిణులకు ఈ అంచనా రెండు వారాల శిబిరంలో రాదు. ఏళ్ళ తరబడి ఒకే చోట తిని, చదివి, పరుగెత్తినవారికి ఒంటికి పట్టిన అలవాటుగా వస్తుంది. ఫైనల్‌లో చివరి మార్పిడి తడబడింది. కర్ర విల్మా చేతిలో సరిగా పడలేదు. నిలదొక్కుకుని ఆమె జర్మనీ అమ్మాయిని దాటి గెలిచింది. చిన్న సంస్థకు పెద్ద సంస్థ మీద ఏదైనా ఆధిక్యం ఉన్నదంటే అది ఈ నిత్య సహవాసమే. మన వంటి పాఠశాలలు కూడా మండల, జిల్లా పోటీలలో ఒంటరి పరుగులలో ఓడి రిలేలో గెలవడం నేను చాలాసార్లు చూశాను.

విల్మా స్వస్థలం క్లార్క్స్‌విల్‌లో ఆమెకు స్వాగతం పలికిన ఊరేగింపు, ఆ పట్టణ చరిత్రలో తెల్లవారూ నల్లవారూ కలిసి పాల్గొన్న తొలి బహిరంగ ఉత్సవం. తరువాత 1963లో ఆమె విద్యాశాస్త్రంలో పట్టా పుచ్చుకుని తన ఊరిలోనే ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని అయింది.

విల్మాతో ఈ కథ ముగిసి ఉంటే అదృష్టమనుకోవచ్చు. జార్జియా రాష్ట్రంలోని గ్రిఫిన్ అనే చిన్న ఊరి నుండి వచ్చిన వయోమియా టైయస్ 1964 టోక్యోలో, 1968 మెక్సికోలో వరుసగా 100 మీటర్ల స్వర్ణం గెలిచింది. వరుసగా రెండు ఒలింపిక్స్‌లో ఆ పరుగు గెలవడం పురుషులలో గాని స్త్రీలలో గాని అంతకు ముందు ఎవరికీ సాధ్యపడలేదు. టోక్యోలో రెండవ స్థానం ఎడిత్ మెగ్వైర్‌ది. ఆమె కూడా టెంపుల్ గారి శిష్యురాలే, 200 మీటర్లలో స్వర్ణం ఆమెదే. మెక్సికోలో 800 మీటర్లు గెలిచిన మాడలిన్ మానింగ్ కూడా ఆ కళాశాల విద్యార్థినియే. మొత్తం మీద ఆయన చేతి మీదుగా నలభై మంది ఒలింపిక్స్‌కు వెళ్ళారు. ఇరవై మూడు పతకాలు, అందులో పదమూడు స్వర్ణాలు.

ఇంత చిన్న సంస్థకు ఇది ఎట్లా సాధ్యమైంది? పెద్ద విశ్వవిద్యాలయాలు ఆడపిల్లల పరుగును పట్టించుకోలేదన్నది ఒక ముఖ్య కారణం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టి, చివరన వారు సొమ్మసిల్లినట్లు పత్రికలు రాయడంతో దానిని తొలగించారు. తిరిగి 1960లో గాని పెట్టలేదు. ఆడపిల్లకు అంత శ్రమ పనికిరాదన్న నమ్మకం అమెరికాలో కూడా బలంగా ఉన్నది, మనకొక్కరికే కాదు. వారు కాదన్నవారిని నల్లజాతి కళాశాలలు చేరదీశాయి. మొదట అలబామాలోని టస్కీగీ, ఆపైన నాష్‌విల్. తరువాత 1972లో అమెరికా ప్రభుత్వం విద్యాసంస్థలలో స్త్రీపురుష వివక్షను నిషేధిస్తూ శాసనం చేసింది. అప్పుడు పెద్ద విశ్వవిద్యాలయాలు కూడా అమ్మాయిలకు వేతనాలిచ్చి పిలవసాగాయి. అది మంచి శాసనమే. కాని కష్టకాలంలో ఆ పిల్లలను సాకిన చిన్న కళాశాల ఆ పోటీకి తట్టుకోవడం కష్టమైంది. తెలుగు మాధ్యమ పాఠశాలలను నడిపేవారికి ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదనుకుంటాను. అయినా టెంపుల్ గారు ఆ కళాశాలను విడిచి వెళ్ళలేదు. 1984లో లాస్ ఏంజిలిస్‌లో రెండు రిలే స్వర్ణాలు గెలిచిన చాండ్రా చీజ్‌బరో ఆయన శిష్యురాలు. 1994లో ఆయన విరమించినప్పుడు ఆ జట్టు బాధ్యత ఆమెకే అందింది.

పతకాల కంటె టెంపుల్ గారు గొప్పగా చెప్పుకున్న లెక్క మరొకటి. ఒలింపిక్స్‌కు వెళ్ళిన నలభై మందిలో దాదాపు అందరూ పట్టభద్రులయ్యారు. పరుగు తలుపులు తెరుస్తుంది, వాటిని మూసుకోకుండా నిలిపేది చదువు అని ఆయన పిల్లలకు చెప్పేవారు. చాలామంది ఉపాధ్యాయినులయ్యారు, కొందరు శిక్షకులయ్యారు.

ఇప్పుడు తల్లిదండ్రులతో ఒక మాట. మన ప్రాంతంలో ఆడపిల్ల ఎనిమిదవ తరగతి వరకు పరుగెత్తుతుంది. తొమ్మిదిలో కొంచెం తగ్గుతుంది. పదిలో మానుతుంది. పరీక్షలని ఒకరంటారు, ఎండకు రంగు తగ్గుతుందని ఒకరంటారు, పెద్దదయింది నిక్కరు వేసుకుని ఏం పరుగులని అమ్మమ్మ అంటుంది. ఉపాధ్యాయులు కూడా ఆటల పీరియడును లెక్కల మాస్టారికి అప్పగిస్తారు. విశాఖపట్నంలో ఒక పాఠశాల వ్యాయామోపాధ్యాయుడు ఒక అమ్మాయి ఎత్తు చూసి ఆమెను హర్డిల్స్ వైపు మళ్ళించాడు. తండ్రి కాపలా ఉద్యోగి, తల్లి ఇళ్ళలో పనిచేసేది. ఆ అమ్మాయి జ్యోతి యర్రాజి. హైదరాబాదులో నాగపురి రమేశ్ గారి వద్ద, తరువాత మన భువనేశ్వర్‌లో శిక్షణ పొంది 2023లో ఆసియా స్వర్ణం గెలిచింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పరుగెత్తింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచిన దీప్తి జీవాంజి వరంగల్లు దగ్గరి కల్లెడ పిల్ల. ఆమె గురువు కూడా రమేశ్ గారే. ఆ ఇండ్లలో పదవ తరగతితో పరుగు ఆపించి ఉంటే ఈ పేర్లు నేను చెప్పేవాడిని కాను.

టెంపుల్ గారు 2016 సెప్టెంబరులో, తన ఎనభై తొమ్మిదవ పుట్టినరోజు గడిచిన రెండు రోజులకు కన్నుమూశారు. అంతకు ముందు ఏడాదే నాష్‌విల్‌లో ఆయన విగ్రహం నెలకొల్పారు.

పాఠశాల నిర్వాహకులను నేను కోరేది రెండే. పదవ తరగతి బాలికలకు వారానికి రెండు ఆటల పీరియడ్లు ఈ ఏడు నుంచి ఎవరికీ అప్పగించకుండా ఉంచండి. మైదానం చివర కొత్త గదులు కట్టవలసి వస్తే పరుగు బాటను వదిలి కట్టండి; పూర్తి వలయం కాకపోయినా ఫరవాలేదు. పూర్వ విద్యార్థులు ఈ ఉత్సవానికిచ్చే విరాళంలో కొంత భాగం బాలికల బూట్లకు, ప్రయాణపు ఖర్చులకు కేటాయించగలిగితే సంతోషిస్తాను.

సాయంత్రం నాలుగు గంటలకు బాలికల రిలే ఉన్నది. పదవ తరగతి జట్టులో ఇంకా ముగ్గురే ఉన్నారని మాస్టారు చెప్పారు. నాలుగవ పిల్ల తల్లిదండ్రులు ఈ సభలోనే ఉన్నారని కూడా చెప్పారు. సెలవు.