చెరువుగట్టున గాలము



మృగశిర కార్తె ప్రవేశించినదనగానే గొల్లపల్లి మొదలు జగిత్యాల వరకు చేపల బేరము ఒక్కసారిగా హెచ్చును. ఆనాడు చేప తినినచో వానకాలపు దగ్గు, పడిశము దరిచేరవని పెద్దల నమ్మకము. ఆ నమ్మకపు మంచిచెడ్డలను వైద్యులకు వదలి, చెరువులో చేప ఎట్లు బ్రతుకుచున్నది, గాలమునకు ఎప్పుడు తగులును అను సంగతి మాత్రము మేము ముచ్చటింతుము.

గాలము వేయువానికి కావలసిన సామగ్రి స్వల్పము. వెదురుకర్ర, నైలాను దారము, ఇనుప ముల్లు, జీలుగు బెండు. ఇక మిగిలినది ఎర. ఎరలు మాత్రమే అమ్ము అంగళ్ళు పాశ్చాత్య దేశములలో కలవు. మన పల్లెలలో ఆ పని వలలు, దారములు అమ్ము చిన్న కొట్టు చేయును. ముల్లు కొనబోయిన వానికి అచ్చట వార్తయు దొరకును. ఏ చెరువు మత్తడి దుంకినది, ఏ తూము క్రింద నీరు కలగినది, నిన్న ఎవ్వనికి ఏమి తగిలినది, అన్నియు అచ్చటనే తెలియును. ఉదయమున అరకిలో తూగిన చేప సాయంకాలమునకు రెండు కిలోలగుటయు అచ్చటనే. బేరము పది రూపాయలది, ముచ్చట గంటసేపటిది.

ఎర్రలను కొనువారు తక్కువ. పెంటకుప్ప ప్రక్కన తడినేలను త్రవ్వి, కొబ్బరిచిప్పలో మన్నుతో కూడ వేసికొందురు. ఎండ తగిలిన ఎర్ర మెత్తబడి ముల్లునుండి జారును గనుక చిప్పపై తడిగుడ్డ కప్పవలెను. జెల్లకును మట్టగుడిసకును ఎర్ర, రవ్వుకును బంగారుతీగకును తవుడు కలిపిన పిండిముద్ద, కొర్రమట్టకు కప్ప. బొచ్చె పైనీటను, రవ్వు నడుమను, మోసు అడుగునను మేయును. బెండును ఎంత ఎత్తున కట్టవలెనో దీనినిబట్టియే తెలియును.

ఎండకాలపు తెల్లవారుజామున చేపలు నోళ్ళు తెరచి పైకి తేలుట చూచి కొందరు ఉబ్బిపోయి గాలము విసరుదురు. అది ఆకలి కాదు, ఊపిరాడని అవస్థ. నాచు పట్టిన నీటిలో రాత్రియంతయు ప్రాణవాయువు తరిగి, ఆ వేళకు అత్యల్పమగును. ఎండ వచ్చి నాచు మరల వాయువును విడచినగాని చేప కుదుటపడదు, ఎర ముట్టదు.

మరియొక సంగతి. బొచ్చె, రవ్వు, మోసు నిలిచిన నీట గ్రుడ్లు పెట్టవు. వానకాలపు పారునీరు వానికి వలయును. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురిగారు పీయూషగ్రంథి సారమును సూదితో ఎక్కించి ఈ జాతులచే గ్రుడ్లు పెట్టించిరి. నేటి చేపపిల్లల కేంద్రములకు అదియే మూలము. తెలంగాణ ప్రభుత్వము 2016లో చెరువులలో చేపపిల్లలను ఉచితముగా వదలు పథకము ఆరంభించినది. కావున చెరువులోని రవ్వు సాధారణముగా ఒకరు తెచ్చి వదలినదే. దానిపై ఆశ పెట్టుకొన్నవారు మత్స్య సహకార సంఘపు ముదిరాజులు, గంగపుత్రులు. వారిని అడుగక గాలము వేయుట వారి కంచములో చేయిపెట్టుటే యని మా అభిప్రాయము.

ఇక నీటి మాట. 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టునుండి కాకతీయ కాలువ ఈ ప్రాంతమునకు గోదావరి నీరు తెచ్చినది. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీసిరి. లోతు పెరిగినచో వేసవిలో చేపకు నిలువ నీడ దొరకును.

కొర్రమట్టకు ఈ చింత తక్కువ. అది గాలి పీల్చి బ్రతుకు చేప. తడిబురదలోనైనను కొంతకాలము ఓర్చుకొనును. తెలంగాణ రాష్ట్రపు చేపగా దానినే ఎన్నుకొనిరి. సూదులు, నదీప్రవాహములు దానికి అక్కరలేదు. వానలు పడగనే అంచు గడ్డిలో గ్రుడ్లు పెట్టి తానే కాచుకొనును. పిల్లలు ఎర్రని గుంపుగా గాలికై మాటిమాటికి పైకి వచ్చును. నేర్పరియైన గాలపువాడు ఆ గుంపును కనిపెట్టి దాని నడుమ కప్పను దుమికించును. పెద్దచేప దానిని కరచునది ఆకలిచే కాదు, పిల్లలపై పడిన శత్రువనియే. ఒక్క పట్టుతో వానికి కూర దొరకును. కాపు లేని గుంపు కొంగలకును ఇతర చేపలకును ఆహారమగును. మరుసటి ఏట ఆ చెరువులో కొర్రమట్టలు లేవని కొట్టుముందు కూర్చుండి వగచునదియు ఆ మనుజుడే!

ఎర్రగుంపు కనబడినచోట మేము గాలము వేయము, వేయువాని నేర్పును మెచ్చము. పిల్లలు రంగు మారి చెదరిపోవువరకు ఆగుట పెద్ద కష్టమేమియు కాదు. అంతదాక తూము ప్రక్కన ఎర్ర గ్రుచ్చి వేసినచో జెల్లలు పుష్కలముగా తగులును. వానిని ముల్లునుండి విడదీయునపుడు మాత్రము ప్రక్కరెక్కల ముండ్లు గ్రుచ్చుకొనకుండ గుడ్డతో పట్టుకొనవలెను.