కూర్చుండు తీరు

ప్రొద్దుట లేచినప్పటి పొడవు సాయంకాలమునకు మనకుండదు. సుమారు 1 సెంటీమీటరు తగ్గుదుము. వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్లలు పగలెల్ల బరువు మోసి, నీరు కోల్పోయి పలుచబడును. పరుండిన పిదప మరల ఉబ్బును. పెద్దవారిలో ఈ బిళ్లలలోనికి రక్తనాళములు దాదాపు చొరవు. పోషణ చుట్టునుండి ఊరి చేరవలసినదే. గంటలకొలది ఒకే తీరున కూర్చుండుట వానికి హితము కాదు.

“నిటారుగా కూర్చో” అని పిల్లలను గద్దించుట మన యిండ్ల వాడుక, మేమును గద్దించినవారమే. అందు సగమే న్యాయము. 4, 5 కిలోల తల ముందుకు వాలినకొలది మెడకండరములకు శ్రమ హెచ్చును. వంగినచో ఊపిరికిని చోటు తగ్గును. కాని కొయ్యవలె బిగిసి కూర్చున్నను నడుము నొచ్చును. పుస్తకమును వాలుబల్లపై ఎత్తి పెట్టి, అరగంటకొకసారి బిడ్డను మంచినీళ్లకు లేపుదము. తిరిగివచ్చి వేరొక తీరున కూర్చున్నచో ఊరకుందము.