మన ఊళ్ల హారం మనమే రాయాలి



ముందు చిన్న లెక్క చెప్పుకుందాం. ఒక హాస్టల్లో 12 మందికి జ్వరం, ఇంకో హాస్టల్లో 8 మందికి. ఎక్కడ ఎక్కువ? 12 అనేస్తారు. కానీ మొదటి హాస్టల్లో ఉన్నది 240 మంది, రెండోదాంట్లో 80 మంది. అంటే మొదటిచోట నూటికి 5, రెండోచోట నూటికి 10. చిన్న తరగతుల్లో చదువుకున్న లవం, హారం ఇవే. మనం లవం చూసి కంగారు పడతాం. ఎపిడెమియాలజీ చదివినవాళ్లు ముందు హారం ఎంత అని అడుగుతారు.

ఇది అంటురోగాల చదువే అనుకోకండి. ఏ జబ్బైనా ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు వస్తోంది, వాళ్లకే ఎందుకు వస్తోంది, ఎలా ఆపాలి అని తేల్చే శాస్త్రం. డాక్టరు రోగిని చూస్తే, వీళ్లు ఊరు మొత్తాన్ని చూస్తారు.

మన కొండ ఊళ్ల సంగతి చూడండి. ఆసుపత్రి రిజిస్టర్లో కొండ దిగి వచ్చినవాళ్ల పేర్లే ఉంటాయి. దిగలేనివాళ్లు లెక్కలోకే రారు. సంత రోజున సర్వేకి వస్తే ఇళ్లలో ఎవరూ దొరకరు. అవ్వను తెలుగులో అడిగితే ప్రశ్న అర్థం కాకపోయినా ఊ అంటుంది. ఇవి మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ సర్వే వచ్చినప్పుడు మన పిల్లలు దారి చూపిస్తారు, మాట తిప్పి చెబుతారు, అంతటితో సరి. ప్రశ్న వేరేవాళ్లది, థీసిస్ వేరేవాళ్లది.

సికిల్ సెల్ మన దేశంలో ఉందని 1952లో నీలగిరి కొండల ఆదివాసుల రక్తంలో తెలిసింది. దాని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది 2023 జులై 1న. మధ్యలో 71 ఏళ్లు!

అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోపల హవాసుపాయ్ తెగ ఉంది. మధుమేహం గురించి చూస్తామని 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వాళ్ల రక్తం తీసుకున్నారు. తర్వాత ఆ నమూనాలనే చెప్పని ఇతర పరిశోధనలకు వాడారు. 2003లో అక్కడ ఒక పీహెచ్‌డీ ప్రసంగానికి వెళ్లిన ఆ తెగ యువతి కార్లెటా టిలౌసీ లేచి, దీనికి మా అనుమతి తీసుకున్నారా అని అడిగింది. ఆ ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్త నమూనాలు తిరిగి అప్పగించింది. ఆ గదిలో తెగ మనిషి ఒక్కరు ఉండబట్టే ఇదంతా జరిగింది.

అలాంటి గదుల్లో మీరు ఉండాలి. ప్రశ్న అడిగే చోటే కాదు, ప్రసంగించే చోట కూడా.

దారి ఇదీ. లైఫ్ సైన్సెస్, స్టాటిస్టిక్స్, నర్సింగ్, మెడిసిన్ లాంటి డిగ్రీ, ఆపైన పబ్లిక్ హెల్త్‌లోనో దగ్గరి సబ్జెక్టులోనో పీజీ. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి పీజీలో 55 శాతం కావాలి, ఎస్టీలకు 50 చాలు. ముందు కోర్సువర్కులో గణాంకాలు, పరిశోధన పద్ధతులు నేర్పుతారు. తర్వాత మీ ప్రశ్నను ప్రతిపాదనగా రాసి ఎథిక్స్ కమిటీ ముందు పెట్టాలి. అనుమతి వచ్చాకే ఊళ్లోకి వెళ్లాలి. ఆపైన విశ్లేషణ, థీసిస్, వైవా. కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6. ఆడపిల్లలకు ఇంకో 2 ఏళ్ల సడలింపు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉన్నాయి. చెన్నైలో జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, జబల్‌పూర్‌లో గిరిజన ఆరోగ్య పరిశోధన సంస్థ ఉన్నాయి. రెండూ ఐసీఎంఆర్‌వే. జేఆర్‌ఎఫ్‌తో పాటు, కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఏటా 750 మంది ఎస్టీ విద్యార్థులకు ఇచ్చే ఫెలోషిప్ కూడా ఉంది.

ఒక తప్పు ఒప్పుకోవాలి. వార్డెన్లం మేము కూడా ఇన్నాళ్లూ డీఎస్సీ, నర్సింగ్, కానిస్టేబుల్ వరకే దారి చూపాం. త్వరగా జీతం వస్తే ఇల్లు నిలబడుతుందని అనుకున్నాం. అది అబద్ధం కాదు. ఇంకా చదువేనా అని ఇంట్లో అడుగుతారు, అదీ తెలుసు. ఆ మాట వచ్చిన రోజు మమ్మల్ని పిలవండి. మీ ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, ఈ లవం హారం లెక్క మీ అమ్మానాన్నలకు మేమే చెబుతాం.